చెరువు ఏ కచేరీలో ఉంది?

అందరికీ నమస్కారం.

పాత ప్రభుత్వ రికార్డులను వెతికి పట్టుకోవడం ఎలాగో చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఆర్కైవ్స్ అంటే ఏమిటి, దాని చరిత్ర ఏమిటి అని మొదలుపెడితే గంట హాయిగా గడిచిపోతుంది. మీలో ఒక్కరి చేతికీ ఒక్క కాగితం మాత్రం రాదు. అందుకని ఒక చెరువు కథతో మొదలుపెడతాను.

ఆ మధ్య ఒక పరిశోధక విద్యార్థి నా దగ్గరికి వచ్చాడు. ఊరు పాత ధర్మవరం తాలూకాలోది. వాళ్ల ఊరి చెరువు చరిత్ర రాయాలని అతని కోరిక. మూడు రోజులు ఆర్కైవ్స్‌లో కూర్చుని కేటలాగులో ఊరి పేరు వెతికాడు, లేదు. "చెరువులు" అనే శీర్షిక వెతికాడు, అదీ లేదు. అనంతపురం జిల్లా రికార్డులు తిరగేశాడు. 1882కు ముందువి ఒక్కటీ కనిపించలేదు. "మా చెరువు గురించి ప్రభుత్వం ఏమీ రాయలేదండీ" అన్నాడు, కాస్త నిష్ఠురంగానే.

నేను అతన్ని ఒకే ప్రశ్న అడిగాను. "ఆ చెరువు కట్ట తెగితే ఎవరి జేబుకు చిల్లు పడుతుంది?"

రైతు జేబుకు, అన్నాడు. నిజమే. ఆ తరవాత?

ఆ తరవాత ఈస్టిండియా కంపెనీ జేబుకు. కట్ట తెగితే ఆయకట్టు ఎండుతుంది, ఆయకట్టు ఎండితే శిస్తు రాదు. శిస్తు రాకపోతే మద్రాసులో కూర్చున్న రెవెన్యూ బోర్డు కలెక్టరును సంజాయిషీ అడుగుతుంది. 1786లో పుట్టిన ఆ బోర్డుకు, కలెక్టర్లకు మధ్య సాగిన ఉత్తరాలు వేల సంపుటాలు. చెరువు అక్కడుంది. దానికి విడిగా ఒక శీర్షిక లేదు, అంతే. శిస్తు బకాయిల మధ్య, మరామతు ఖర్చుల అంచనాల మధ్య నలిగి ఉంది.

గ్రంథాలయానికీ ఆర్కైవ్స్‌కూ తేడా ఇక్కడే. గ్రంథాలయంలో ఎవరో మనకోసం విషయాన్ని బట్టి పుస్తకాలు సర్ది పెడతారు. ఆర్కైవ్స్‌లో కాగితం ఏ ఆఫీసులో పుట్టిందో ఆ ఆఫీసు పేరు కిందే, పుట్టిన వరసలోనే ఉంటుంది. ఆ వరస చెడగొట్టకూడదన్నది ఆ వృత్తిలో తొలి నియమం. ఆ గుమాస్తా తన పై అధికారికి జవాబు చెప్పుకోవడానికి రాశాడు. రెండు వందల ఏళ్ల తరవాత మీరొచ్చి అడుగుతారని రాయలేదు. కనుక మీ విషయం పట్టుకుని వెళితే తలుపు తెరుచుకోదు. ఆ విషయం ఎవరి నెత్తిన పడిందో, ఏ కచేరీ, అంటే ఏ ప్రభుత్వ ఆఫీసు, దానికి డబ్బు ఖర్చు పెట్టిందో, ఎవరు సంతకం చేయాల్సి వచ్చిందో ముందు ఊహించాలి. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతావన్నీ దీని కొమ్మలు.

చెరువు దగ్గరికే వద్దాం. 1800లో నిజాం దత్త మండలాలను, అంటే ఇప్పటి రాయలసీమ, బళ్లారి వైపు ప్రాంతాన్ని, కంపెనీకి ఇచ్చాడు. థామస్ మన్రో 1807 వరకు వాటికి ప్రిన్సిపల్ కలెక్టరు. 1808లో ఆ ప్రాంతాన్ని బళ్లారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. అంటే మన విద్యార్థి వెతికిన చెరువు ఎనిమిదేళ్లు దత్త మండలాల కాగితాల్లో, ఆ తరవాత డెబ్బై నాలుగేళ్లు బళ్లారి కాగితాల్లో ఉంది. అతను వెతికింది అనంతపురంలో. ఇప్పుడు బళ్లారి కర్ణాటకలో ఉంది గనుక అది అతని బుర్రకు తట్టనే లేదు. తట్టకపోవడం తప్పేమీ కాదు. జిల్లాల హద్దులు మన తాతల కాలం నుంచి ఒక్క చోట నిలిస్తే కదా.

ఏలూరు వారెవరైనా ఉన్నారా ఇక్కడ? మీ తాలూకా 1859 నుంచి గోదావరి జిల్లాలో, 1904 నుంచి కృష్ణా జిల్లాలో, 1925 నుంచి పశ్చిమ గోదావరిలో ఉంది. 2022లో ఏలూరే జిల్లా అయింది. ఊరు కదల్లేదు, కాగితం మాత్రం కచేరీలు మారుతూ తిరిగింది. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తరవాత గుంటూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా, 1972 నుంచి దాని పేరు ప్రకాశం. శ్రీకాకుళం వారి సంగతి ఇంకా చిత్రం. ఆ జిల్లా 1950లో ఏర్పడింది, అంతకుముందు విశాఖపట్నంలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడక ముందు ఆ ప్రాంతంలో చాలా భాగం గంజాం జిల్లా. గంజాం జిల్లా రికార్డులు చూడాలంటే భువనేశ్వర్‌లోని ఒడిశా ఆర్కైవ్స్ గడప తొక్కాలి. వెతుకులాట మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం మీద మీ ఊరు ఏ ఏడు ఏ తాలూకాలో, ఏ జిల్లాలో, ఏ రాజ్యంలో ఉందో రాసుకోండి. ఆ అరగంట పని మూడు రోజుల వృథా ప్రయాసను తప్పిస్తుంది.

పేర్లు కూడా రాసుకోండి, ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపించాయో అలా. విజయవాడ అని వెతికితే దొరకదు, బెజవాడ కావాలి. కాకినాడ అక్కడ కోకనాడ, శ్రీకాకుళం చికాకోల్, మచిలీపట్నం మసూలిపటం. చిన్న ఊళ్ల పేర్లకైతే ఒక స్పెల్లింగే ఉండదు, ఒకే ఉత్తరంలో రెండు రకాలుగా రాసిన మహానుభావులున్నారు. ఈ రోజుల్లో జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వెతకవచ్చు. కానీ అక్కడ మీరు కొట్టే మాట ఫైలు శీర్షికలోనో వివరణలోనో ఉంటేనే దొరుకుతుంది. శీర్షికలు పెట్టినవాడు ఆనాటి గుమాస్తా. కరువు అన్నచోట "స్కేర్సిటీ" అనో "సీజన్ రిపోర్ట్" అనో రాసి ఉండవచ్చు. కరువు అని ఒప్పుకుంటే సహాయ పనులకు డబ్బు పెట్టాలి మరి.

మద్రాసు వైపు రికార్డుల గురించి కొంచెం నిలిచి చెప్పాలి. కోస్తా, రాయలసీమ జిల్లాల ఉన్నత స్థాయి కాగితాలకు మూలస్థానం చెన్నై ఎగ్మూరులోని పాత మద్రాసు రికార్డు ఆఫీసు, ఇప్పటి తమిళనాడు ఆర్కైవ్స్. ఎర్ర ఇటుకల కట్టడం. సెయింట్ జార్జి కోట దినచర్య పుస్తకాలు 1670ల నుంచి అక్కడున్నాయి. తెలుగు జిల్లాల కలెక్టరేట్ల నుంచి చేరిన పాత సంపుటాలకు 1835 వరకు జిల్లాలవారీగా అచ్చయిన గైడ్లు ఉన్నాయి. మసూలిపటం, గోదావరి, గుంటూరు, విశాఖపట్నం దేనికదే. కొత్తగా వెళ్లేవారు తిన్నగా దస్త్రాలు అడుగుతారు. నేనైతే మొదటి రోజంతా ఆ గైడ్లకే ఇస్తాను.

ఇక ఒక ప్రొసీడింగ్స్ కాగితాన్ని, అంటే బోర్డు తన ఉత్తర్వును నమోదు చేసిన కాగితాన్ని, దగ్గరగా చూద్దాం. పైన తేదీ, నంబరు ఉంటాయి. ఆ కింద "ఈ కింది కాగితాలు చదివిన మీదట" అన్న అర్థంలో ఒక వరుస. అందులో బళ్లారి కలెక్టరు రాసిన ఉత్తరం, దాని తేదీ, నంబరు. దానికి ముందు ఇంజనీరు రాసినది. దానికీ ముందు బోర్డు ఇచ్చిన పాత ఉత్తర్వు. ఆ తరవాతే అసలు ఉత్తర్వు. చాలామంది ఉత్తర్వు మాత్రం నకలు రాసుకుని సంతోషంగా ఇంటికి వెళతారు. నిధి పైనున్న ఆ వరుసలో ఉంది. ఒక్కో నంబరు ఒక్కో మెట్టు. పట్టుకుని వెనక్కి దిగుతూ పోతే కలెక్టరు, తహసీల్దారు, ఒక్కోసారి రైతు పెట్టుకున్న అర్జీ దాకా చేరతారు. ఇప్పటి జీవోల తల మీద కూడా ఆ వరుస ఉంటుంది చూడండి. జెండా మారింది, ఫార్మాటు మారలేదు.

అర్జీ మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. రైతు తెలుగులో మొర పెట్టుకున్నాడు. కచేరీలో ఒకరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. పైకి వెళ్లింది ఆ ఇంగ్లీషు, అదీ చాలాసార్లు సారాంశమే. మన చేతికి వచ్చేది ఇద్దరు ముగ్గురి గొంతులు దాటిన మాట. కాబట్టి "రైతులు ఇలా అన్నారు" అని రాసే ముందు కలం ఒక్క క్షణం ఆపండి.

చెరువు బాగోగులు చూసే కచేరీ కూడా మారుతూ వచ్చింది. తొలినాళ్లలో రెవెన్యూ బోర్డు కిందే మరామతు శాఖ ఉండేది. పందొమ్మిదో శతాబ్దం నడుమ పబ్లిక్ వర్క్స్ శాఖ వచ్చింది. పెద్ద చెరువులు దాని కిందికి పోయాయి, చిన్నవి రెవెన్యూ వారి దగ్గరే మిగిలాయి. అంటే ఒకే చెరువు కోసం మూడు శాఖల సూచికలు తిరగేయాలి. ఒక చోట కాగితాలు హఠాత్తుగా ఆగిపోతే చెరువు ఎండిపోయిందని అనుకోకండి, బల్ల మారిందని అనుకోండి.

ఒకే ఘటన ఒకే సమయంలో మూడు నాలుగు బల్లల మీద ఉండటమూ కద్దు. గోదావరి మన్యంలో జరిగిన 1879 రంప తిరుగుబాటు తీసుకోండి. తిరుగుబాటు కదా, పోలీసు వ్యవహారం కదా అని జ్యుడీషియల్ శాఖ ప్రొసీడింగ్స్ చూస్తారు. మంచిదే, ఆనాడు పోలీసు ఆ శాఖ కిందే. అక్కడ మీకు దాడులు, కాల్పులు, ఎవరిని పట్టుకున్నారు అన్నవి దొరుకుతాయి. కానీ కొండవాళ్లు ఎందుకు తిరగబడ్డారు? కల్లు గీత మీద వేసిన చిగురుపన్ను, ఆబ్కారీ కంట్రాక్టర్ల ఆగడాలు, ముఠాదారులకూ, అంటే కొండ ఊళ్ల గుంపుల పెద్దలకూ, వారి పైనున్న రంప దొర మన్సబుదారుకూ ఉన్న పాత తగాదాలు. ఆ కథలో ఎక్కువ భాగం రెవెన్యూ వారి దగ్గర. దళాలను పంపిన సంగతి మిలిటరీ శాఖది. ఒక్క శాఖ కాగితాలే చదివినవాడికి రంప ఒక శాంతిభద్రతల సమస్యగా కనిపిస్తుంది. అది చదివినవాడి తెలివితక్కువ కాదు. ఆ శాఖకు కనిపించిందే అంత.

హైదరాబాదు రాజ్యం సంగతి వేరే లోకం. తార్నాకలోని తెలంగాణ ఆర్కైవ్స్‌లో మొగలుల కాలపు కాగితాలే లక్షన్నరకు పైగా ఉన్నాయి, షాజహాన్, ఔరంగజేబుల దక్కన్ పాలన నాటివి. ఆ తరవాత నిజాముల దఫ్తర్లు. పాలన భాష 1880ల దాకా పారసీ, ఆ పైన ఉర్దూ. తెలుగు నేల మీద పనిచేసే చరిత్ర విద్యార్థుల్లో ఆ గొలుసుకట్టు పారసీ చదవగలిగినవారు వేళ్ల మీద లెక్కించేటంతమంది. నాకూ రాదు. ఇంగ్లీషు కాగితాలతో తెలంగాణ చరిత్ర రాసిన మాలాంటివాళ్లం ఇంటి కిటికీలోంచి తొంగిచూసి ఇల్లంతా తిరిగినట్టు రాశాం. ఇక్కడ ఇరవైల్లో ఉన్నవారెవరైనా రెండేళ్లు పెట్టి ఆ లిపి నేర్చుకుంటే, ఆ తరవాత జీవితానికి సరిపడా పని దొరుకుతుంది.

తేదీల దగ్గర చాలామంది బోర్లా పడతారు. రెవెన్యూ కాగితాల్లో ఉండేది ఫస్లీ సంవత్సరం, పంటను బట్టి లెక్కపెట్టే శిస్తు ఏడాది. దానికి 590 కలిపితే ఆ ఫస్లీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మద్రాసు వైపు అది 1855 నుంచి జూలై ఒకటిన మొదలవుతుంది. ఫస్లీ 1286 అంటే 1876 జూలై నుంచి 1877 జూన్ వరకు. ఆ ఏడు తెలుగు లెక్కలో ధాత. జనం నోట ధాత కరువుగా మిగిలిపోయినది అదే. హైదరాబాదులో మాత్రం ఫస్లీ అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది, నెలల పేర్లు దై, బహమన్, ఇస్ఫందార్ అని పారసీకంలో సాగుతాయి. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు నిజాం లెక్కలో ఫస్లీ 1357 చివరి రోజులు. అదే రోజున కృష్ణ అవతలి ఒడ్డున గుంటూరులో ఫస్లీ 1358 మొదలై రెండున్నర నెలలైంది. సరిహద్దు గ్రామాల మీద పనిచేసేవారు ఈ ఒక్క ఏడాది తేడాతో చిత్రమైన నిర్ధారణలు చేయడం నేను చూశాను.

ఇక చూడనిస్తారా లేదా అన్నది. కేంద్ర ప్రభుత్వ రికార్డులకు 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఉంది. జాతీయ ఆర్కైవ్స్‌కు బదిలీ అయిన, రహస్యం ముద్ర లేని, ముప్పై ఏళ్లు దాటిన రికార్డులను నిజమైన పరిశోధకులకు చూపించవచ్చని అది చెబుతుంది. ముప్పై ఏళ్లు ఫైలు తెరిచిన ఏడాది నుంచి లెక్క. ఇందులో కీలకమైన మాట "బదిలీ అయిన". మీరు చీటీ రాసిస్తారు, సాయంత్రానికి దాని మీద రెండు ఇంగ్లీషు అక్షరాలతో తిరిగి వస్తుంది, "ఎన్.టి." బదిలీ కాలేదు అని అర్థం. ఫైలు ఇంకా మంత్రిత్వ శాఖ బీరువాలోనే ఉందన్నమాట. ఉందో లేదో కూడా అన్నమాట. అప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం వైపు తిరగాలి. అందులో ఎనిమిదో సెక్షన్ మూడో ఉపసెక్షన్ గుర్తుపెట్టుకోండి. దరఖాస్తు తేదీకి ఇరవై ఏళ్లు దాటిన ఘటనలకు, దేశ భద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు వంటి మూడు మినహాయింపులు తప్ప, మిగతావి చూపి నిరాకరించడానికి వీల్లేదు. దరఖాస్తులో "సమాచారం ఇప్పించగలరు" అని గాలిలో రాయకండి. ఫైలు నంబరు, శాఖ, సంవత్సరం రాయండి. ఆ నంబరు ఎక్కడ దొరుకుతుందంటే, ఇందాక చెప్పిన "చదివిన కాగితాల" వరుసలో.

రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లేటప్పుడు విశ్వవిద్యాలయం నుంచి పరిచయ లేఖ, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి, పెన్ను బదులు పెన్సిలు. విశ్వవిద్యాలయంతో సంబంధం లేని స్థానిక చరిత్రకారులు మీలో ఉన్నారని తెలుసు. ముందుగా ఉత్తరం రాసి, ఏ విషయమో వివరించి అనుమతి అడగండి. అనుమతి కాగితంలో రాసే విషయం గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక ఊళ్లో, పేరెందుకు లెండి, నా దరఖాస్తులో "చిన్ననీటి వనరులు, 1850–1900" అని చక్కగా రాశాను. వారం తరవాత ఒక ఆబ్కారీ సంపుటం అడిగితే, "సార్, మీది నీళ్ల టాపిక్, ఇది కల్లు" అన్నారు. ఈతచెట్లు చెరువు కట్ట మీదే ఉన్నాయని ఎంత చెప్పినా వినలేదు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ సంతకాలు, నాలుగు రోజులు గోవిందా. అప్పటి నుంచి "గ్రామీణ ఆర్థిక వ్యవస్థ, 1750–1950" అని రాస్తున్నాను. అందులో పట్టనిది ఏదైనా ఉంటే చెప్పండి.

ఒక మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. ఆ దస్త్రాల గదుల్లో పనిచేసే అటెండర్లకు తెలిసినంత ఏ కేటలాగుకూ తెలియదు. ఏ రుమాలులో, అంటే గుడ్డలో కట్టిన ఏ దస్త్రాల మూటలో, ఏముందో, ఏ సంపుటం ముట్టుకుంటే పొడి అవుతుందో వారికి చేతుల్లో ఉంటుంది. చీటీ మీద "బ్రిటిల్", అంటే పెళుసుబారింది, అని రాసి వెనక్కి పంపితే కోపం తెచ్చుకోకండి. మీ ఒక్క పేజీ కోసం ఆ సంపుటం వెన్ను విరిగితే రేపటివాడికి అదీ ఉండదు. దాని ప్రతి ఇంకెక్కడైనా ఉందేమో చూడండి. మద్రాసు నుంచి ప్రొసీడింగ్స్ ప్రతులు లండన్‌కు వెళ్లేవి. అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు పద్నాలుగు కిలోమీటర్ల పొడవైన అరల్లో ఉన్నాయి. అందులో "పి" వరుస అంతా ఈ ప్రొసీడింగ్సే.

అసలు లేనివి కూడా ఉన్నాయి. 1891 జనాభా లెక్కల్లో మా ముత్తాత పేరు చూడాలి అని నాకు తరచూ ఫోన్లు వస్తాయి. మన దేశంలో ఇంటింటికీ తిరిగి రాసిన కాగితాలు లెక్క తేలగానే తీసేసేవారు. మిగిలినవి మొత్తాలు, నివేదికలు. ఆఫీసుల్లో కూడా ఫైలు ముగిసినప్పుడే దాని ఆయుష్షు రాసి పెడతారు. ఆర్.డిస్. అంటే శాశ్వతం, డి.డిస్. అంటే పదేళ్లు, ఎల్.డిస్. అంటే ఏడాది. మీరు వెతికే ఫైలు నంబరు ముందు ఎల్ కనిపిస్తే దాని మీద ఆశ వదులుకుని, అదే సంగతి వేరే బల్ల మీద ఏ పేరుతో ఉందో ఆలోచించండి. ముత్తాత పేరు జనాభా లెక్కల్లో దొరకదు గానీ, ఆయనకు సెంటు భూమి ఉంటే, మళ్లీ భూమి కొలిచి శిస్తు కట్టినప్పుడు రాసిన రీసెటిల్మెంట్ రిజిస్టర్లో దొరకవచ్చు. తెలంగాణలో అయితే సేత్వార్, 1954–55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులు. ఇవి తహసీల్దారు కార్యాలయాల్లో, సర్వే శాఖలో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు రుసుము ఐదు రూపాయలు. 1984లో కరణాల వ్యవస్థ పోయినప్పుడు కొన్ని గ్రామ లెక్కలు తహసీలుకు చేరాయి, కొన్ని అటక ఎక్కాయి. అటకలు కూడా వెతకండి, ఇంటివాళ్లను మంచిగా అడిగి.

మన ధర్మవరం కుర్రాడి దగ్గర ఆపాను కదా. భూమి ఉన్నవాడికి కాగితం ఉంటుందన్న మాట పట్టుకుని అతనే ఒక ప్రశ్న వేశాడు. "చెరువుకు భూమి ఉంటుందా సార్?"

ఉంటుంది. దత్త మండలాల్లో చెరువు తవ్వించినవారికీ, దాన్ని బాగుచేస్తూ ఉండేవారికీ దశబంధం అని మాన్యం ఇచ్చేవారు. 1858లో వచ్చిన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలన్నీ విచారించి రిజిస్టర్లు రాసింది. ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అంటారు. వెడల్పాటి పుస్తకం, రెండు పేజీల మీదుగా గళ్లు. ఎన్ని ఎకరాలు, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, సనదు, అంటే మాన్యం ఇచ్చిన పత్రం, ఉందా, ఇప్పుడు అనుభవిస్తున్నవారి పేరు, వయసు, నివాసం, మొదటి ఇనాందారుకు ఏమి వరస. ఒక్కో మాన్యానికీ ఒక అడ్డవరస.

అతను ఈసారి చెరువును అడగలేదు. బళ్లారి జిల్లా, ధర్మవరం తాలూకా ఇనాం రిజిస్టరు అడిగాడు. రెండో రోజు సాయంత్రం నాకు ఫోను చేశాడు. దశబంధం గడిలో ఇద్దరు అన్నదమ్ముల పేర్లున్నాయట. పెద్దవాడికి నలభై, చిన్నవాడికి ముప్పై రెండు. కట్ట బాగుచేయడం లేదని డిప్యూటీ కలెక్టరు పక్కన రాశాడట. "ఆ ఇంటిపేరు వాళ్లు ఇంకా మా ఊళ్లో ఉన్నారండీ, కట్ట పక్క వీధిలోనే" అన్నాడు. మర్నాడే ఊరికి బస్సెక్కాడు.

ప్రశ్నలుంటే అడగండి.